‘ఉడాన్’: ఉక్కు నగరంలో ఒక ఇంటి కథ

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ నేపథ్యంగా విక్రమాదిత్య మోట్వానే దర్శకత్వంలో వచ్చిన హిందీ చిత్రం ‘ఉడాన్’. ఆ పేరుకు ‘ఎగరడం’ అని అర్థం. 2010 మే నెలలో కేన్స్ చలనచిత్రోత్సవంలోని ‘అన్ సర్టైన్ రిగార్డ్’ విభాగంలో ప్రదర్శితమైన ఈ చిత్రం, అదే ఏడాది జులై 16న భారతదేశంలో విడుదలైంది. పెద్ద తారలు లేరు. ప్రేమకథ లేదు. ఒక తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక ఇల్లు, ఒక కర్మాగారం చుట్టూ కథ నడుస్తుంది.

పారిశ్రామిక పట్టణం, అందులో ఊపిరాడని ఒక బాలుడు, అతడిని తన అచ్చులో పోయాలని చూసే పెద్దలు. ఈ మూడూ కలిసిన కథలకు ప్రపంచ సినిమాలో బాగా తెలిసిన చిరునామా బ్రిటన్. అక్కడ 1950ల చివరి నుంచి నేటి వరకు కొనసాగుతున్న సామాజిక వాస్తవికతావాద సినిమాకు భారతదేశంలో దగ్గరి బంధువును వెతికితే, ముందుగా గుర్తుకొచ్చే చిత్రాల్లో ‘ఉడాన్’ ఒకటి. అయితే ఆ బ్రిటిష్ చిత్రాలకు, దీనికి మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. సినిమా ఏం చెప్పిందో, దాన్ని దేశం ఎలా స్వీకరించిందో అర్థం కావాలంటే ఆ తేడాను చూడాలి.

కథాసారం

సిమ్లాలోని ఒక వసతి పాఠశాలలో చదివే రోహన్ సింగ్ (రజత్ బర్మేచా), ముగ్గురు మిత్రులతో కలిసి రాత్రివేళ గోడ దూకి పెద్దల సినిమాకు వెళ్తాడు. అదే హాల్లో వార్డెన్ కంటపడటంతో నలుగురూ పాఠశాల నుంచి బహిష్కృతులవుతారు. ఎనిమిదేళ్లుగా ఒక్కసారి కూడా చూడటానికి రాని తండ్రి భైరవ్ సింగ్ (రోనిత్ రాయ్) ఇంటికి, జంషెడ్‌పూర్‌కు రోహన్ తిరిగి వస్తాడు. తనకు అర్జున్ (ఆయన్ బొరాడియా) అనే ఆరేళ్ల సవతి తమ్ముడు ఉన్నాడని అతడికి తెలిసేది అప్పుడే.

ఆ ఇంట్లో నాన్న అన్న పిలుపు లేదు. పిల్లలు తండ్రిని ‘సర్’ అనే పిలవాలి. తెల్లవారగానే పరుగు తీయాలి. ఆ పరుగు చివర తండ్రితో పందెం, అందులో గెలుపు ఎప్పుడూ తండ్రిదే. రోజులో కొంత భాగం తండ్రి కర్మాగారంలో పని, మిగిలిన భాగం ఇంజినీరింగ్ తరగతులు. రోహన్ మనసు మాత్రం రచన మీద ఉంటుంది. కవిత్వం రాసుకునే కొడుకు భైరవ్ దృష్టిలో దారి తప్పినవాడు.

సంతానం లేని చిన్నాన్న జిమ్మీ (రామ్ కపూర్) ఒక్కడే రోహన్‌కు అండ. పరీక్షల్లో తప్పిన సంగతి, చాటుగా సాగిన రాత్రి తిరుగుళ్లు బయటపడేకొద్దీ తండ్రి ఆగ్రహం పెరుగుతుంది. చివరకు చిన్నవాడు అర్జున్ ఆసుపత్రి పాలవుతాడు. పడిపోయాడన్న మాట వెనుక బెల్టు దెబ్బలున్నాయని రోహన్‌కు తర్వాత తెలుస్తుంది. ఆసుపత్రిలో తమ్ముడికి అతడు చెప్పే కథలు వినడానికి వార్డులోని రోగులు, నర్సులు కూడా చుట్టూ చేరతారు. తన రాతలకు శ్రోతలు ఉంటారన్న నమ్మకం అతడికి కలిగేది అక్కడే.

తండ్రి మూడో పెళ్లికి సిద్ధమై, అర్జున్‌ను వసతి పాఠశాలకు పంపుతానని, రోహన్ చదువు మాని పూర్తిగా కర్మాగారంలోనే పనిచేయాలని ప్రకటించడంతో కథ కొలిక్కి వస్తుంది. రోహన్ తిరగబడి పరుగు తీస్తాడు. తండ్రి వెంటపడతాడు, కానీ ఈసారి అందుకోలేకపోతాడు. మర్నాడు రోహన్ తిరిగి వచ్చి, వంశపారంపర్యంగా వస్తున్న చేతి గడియారాన్ని, ఒక ఉత్తరాన్ని తండ్రికి వదిలి, తమ్ముడి చేయి పట్టుకుని ముంబయి దారి పడతాడు.

ఊరే అచ్చు

జంషెడ్‌పూర్ ఒక కంపెనీ కోసం కట్టిన ఊరు. టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ 1907లో ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయ్ నదులు కలిసే చోటికి దగ్గర్లోని సాక్చి గ్రామం వద్ద ఫ్యాక్టరీ వెలిసింది. 1912లో అక్కడ తొలిసారి ఉక్కు తయారైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ కర్మాగారం అందించిన పట్టాలకు గుర్తింపుగా, 1919లో వైస్రాయ్ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి సంస్థ వ్యవస్థాపకుడు జంషెడ్జీ టాటా పేరు పెట్టారు. కాలీమాటి రైల్వేస్టేషన్ టాటానగర్‌గా మారింది. నేటికీ చాలామంది నోట ఆ ఊరి పేరు ‘టాటా’యే.

ఇలాంటి ఊళ్లలో జీవితానికి ఒక క్రమం ఉంటుంది. షిఫ్టుల ప్రకారం రోజు నడుస్తుంది. కొడుకు ఇంజినీరై కంపెనీలో చేరడమో, అనుబంధ పరిశ్రమ పెట్టుకోవడమో సహజమైన మార్గంగా కనిపిస్తుంది. నదికి అవతల ఆదిత్యపూర్‌లో పెద్ద ఫ్యాక్టరీలకు విడిభాగాలు చేసిపెట్టే చిన్న పరిశ్రమలు ఎన్నో ఉన్నాయి. భైరవ్ సింగ్ నడిపే కర్మాగారం ఆ తరహా లోకానికి చెందినదే. అతడు కార్మికుడు కాడు, పెట్టుబడిదారుల్లో పెద్దవాడూ కాడు. ఆర్డర్లు వస్తేనే నిలబడగల చిన్న యజమాని. ఇంటా బయటా అతడికి తెలిసిన సంబంధం ఒక్కటే, యజమానికీ పనివాడికీ మధ్య ఉండేది.

అందుకే ఈ చిత్రంలో ఊరు తెర వెనుక బొమ్మగా మిగిలిపోలేదు. పొగ గొట్టాలు, రైలు పట్టాలు, ఖాళీ రోడ్లు, యంత్రాల చప్పుడు అన్నీ ఒకే మాట చెబుతాయి. ఇక్కడ ప్రతి వస్తువూ అచ్చులో పోసి తయారయ్యేదే. మనిషి కూడా అలాగే తయారవుతాడని భైరవ్ నమ్మకం. ఛాయాగ్రాహకుడు మహేంద్ర శెట్టి ఊరిని అందంగా చూపించే ప్రయత్నం చేయలేదు, వికృతంగానూ చూపలేదు. ఆకాశం మాత్రం తరచుగా విశాలంగా కనిపిస్తుంది. ఆ విశాలతకూ ఇంట్లోని ఇరుకుకూ మధ్య ఉన్న ఎడమే సినిమా పేరుకు బలం.

‘కిచెన్ సింక్’ సంప్రదాయం

బ్రిటిష్ సామాజిక వాస్తవికతను ఒకప్పుడు ‘కిచెన్ సింక్’ నాటకాలు, సినిమాలు అనేవారు. వంటింటి తొట్టిని కూడా వదలకుండా సామాన్యుల ఇళ్ల లోపలి వస్తువులను చిత్రించిన కొందరు చిత్రకారుల గురించి 1954లో విమర్శకుడు డేవిడ్ సిల్వెస్టర్ రాసిన వ్యాసం నుంచి ఆ పేరు వచ్చింది. రెండేళ్ల తర్వాత జాన్ ఆస్బోర్న్ నాటకం ‘లుక్ బ్యాక్ ఇన్ యాంగర్’ లండన్ రంగస్థలంపై సంచలనమైంది. ఆ వెంటనే సినిమా కూడా లండన్ భవంతులను వదిలి ఉత్తరాది పారిశ్రామిక పట్టణాల వైపు నడిచింది. 1960లో కారెల్ రైజ్ తీసిన ‘శాటర్‌డే నైట్ అండ్ సండే మార్నింగ్’లో నాయకుడు నాటింగ్‌హామ్ సైకిల్ ఫ్యాక్టరీలో లేత్ దగ్గర నిలబడే యువకుడు.

1962లో టోనీ రిచర్డ్‌సన్ దర్శకత్వంలో ‘ద లోన్లీనెస్ ఆఫ్ ద లాంగ్ డిస్టెన్స్ రన్నర్’ వచ్చింది. బాల నేరస్థుల సంస్కరణాలయంలో ఉన్న ఒక కుర్రవాడికి పరుగులో మంచి నేర్పు ఉంటుంది. అధికారి ప్రతిష్ఠ కోసం పందెం గెలవాల్సిన ఆ కుర్రవాడు, గెలుపు గీతకు కొద్ది దూరంలో కావాలనే ఆగిపోతాడు.

కెన్ లోచ్ 1969లో తీసిన ‘కెస్’ ఈ సంప్రదాయానికి శిఖరంలాంటిది. బార్న్‌స్లీ బొగ్గుగనుల ప్రాంతంలో బిల్లీ అనే పదిహేనేళ్ల బాలుడు ఒక చిన్న జాతి డేగను పెంచి, దానికి ఎగరడం నేర్పుతాడు. గనిలో పనిచేసే అన్న కోపంలో ఆ పక్షిని చంపేస్తాడు. బిల్లీ దాన్ని పాతిపెట్టడంతో సినిమా ముగుస్తుంది. పంపిణీదారులు మొదట్లో పెద్దగా ఆసక్తి చూపని ఈ చిత్రాన్ని, 1999లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 20వ శతాబ్దపు ఉత్తమ బ్రిటిష్ చిత్రాల జాబితాలో 7వ స్థానంలో నిలిపింది.

అదే దర్శకుడు 2002లో ‘స్వీట్ సిక్స్‌టీన్’ తీశారు. ఓడల నిర్మాణం కుప్పకూలిన స్కాట్లండ్ పట్టణం గ్రీనక్ అందులోని నేపథ్యం. జైలు నుంచి విడుదల కాబోతున్న తల్లికి ఒక మంచి గూడు ఏర్పాటు చేయాలని లియమ్ అనే బాలుడు మాదకద్రవ్యాల అమ్మకంలోకి దిగుతాడు. పదహారో పుట్టినరోజు నాటికి అతడి ముందు దారులన్నీ మూసుకుపోతాయి. కేన్స్‌లో పాల్ లావర్టీకి ఉత్తమ స్క్రీన్‌ప్లే పురస్కారం తెచ్చిన ఈ చిత్రానికి, పాత్రల భాష కారణంగా బ్రిటన్ సెన్సార్ 18 ఏళ్ల పరిమితి విధించింది. పదహారేళ్ల పిల్లవాడి కథను పదహారేళ్ల పిల్లలు థియేటర్లో చూడలేకపోయారు.

ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి

‘ఉడాన్’ను ఈ చిత్రాల పక్కన పెడితే పోలికలు ఒకటి తర్వాత ఒకటి కనిపిస్తాయి. ‘కెస్’లో ఎగిరే పక్షి ఉంది, ఇక్కడ టైటిల్‌లోనే ఆ మాట ఉంది. బిల్లీకి డేగ ఎలాంటిదో రోహన్‌కు కవిత్వం అలాంటిది. బిల్లీ పక్షిని అన్న చంపుతాడు, రోహన్ రాతలను తండ్రి తగులబెడతాడు. ‘లాంగ్ డిస్టెన్స్ రన్నర్’లో మాదిరిగానే ఇక్కడ కూడా పరుగు అధికారానికి ఆయుధం, చివరకు తిరుగుబాటుకు సాధనం. బ్రిటిష్ కుర్రవాడు ఆగిపోయి గెలుస్తాడు. జంషెడ్‌పూర్ కుర్రవాడు ఆగకుండా గెలుస్తాడు.

కథనంలోనూ పోలిక ఉంది. సంభాషణలు తక్కువ. భోజనాల బల్ల దగ్గర మౌనం, తలుపు చప్పుడుకు ఉలిక్కిపడే చిన్నవాడి కళ్లు, తండ్రి అడుగుల శబ్దం కథను నడిపిస్తాయి. బెల్టు దెబ్బలు పడే క్షణాన్ని చూపకుండా, ఆ తర్వాతి పరిస్థితిని మాత్రమే చూపడం వల్ల హింస మరింత బరువుగా అనిపిస్తుంది.

అసలు తేడా ఫిర్యాదు ఎవరి మీద అన్న దాంట్లో ఉంది. కెన్ లోచ్ చిత్రాల్లో మనిషిని నలిపేది చివరకు ఒక వ్యవస్థే. బిల్లీని గని వైపు నెట్టే పాఠశాల, లియమ్‌కు పని చూపలేని పట్టణం, ఇల్లు లేని కుటుంబాన్ని విడదీసే స్థానిక యంత్రాంగం. ఆ ఫిర్యాదులకు ఒక చిరునామా ఉంది. అందుకే వాటికి జవాబులు కూడా వచ్చాయి. 1966 నవంబర్ 16న బీబీసీలో ప్రసారమైన లోచ్ టెలివిజన్ నాటకం ‘కేథీ కమ్ హోమ్’ను దాదాపు 1.2 కోట్ల మంది చూశారు. ఇళ్లు లేనివారి సమస్య దేశవ్యాప్త చర్చగా మారింది. 2016లో కేన్స్ అత్యున్నత పురస్కారం ‘పామ్ డోర్’ గెలిచిన ‘ఐ, డేనియల్ బ్లేక్’ ప్రస్తావన పార్లమెంటులో వచ్చింది. ఆ సినిమా చూడమని ప్రధాని థెరిసా మేకు ప్రతిపక్ష నేత జెరెమీ కార్బిన్ సభలోనే సూచించారు.

‘ఉడాన్’లో రోహన్ ఫిర్యాదు ఎవరికి చేయాలి? అతడి ఇంట్లో పేదరికం లేదు. తండ్రికి కారుంది, కర్మాగారం ఉంది, సమాజంలో గౌరవం ఉంది. అతడు పిల్లలను చదివిస్తున్నాడు, తిండి పెడుతున్నాడు. బయటివారి కంటికి అది క్రమశిక్షణ గల ఇల్లు. చిన్నాన్న జిమ్మీకి అంతా తెలిసినా అన్నగారి మాట దాటే చొరవ లేదు. ఈ కథలో పీడించే వ్యవస్థ పేరు కుటుంబం. దానిపై వినతిపత్రం తీసుకునే కార్యాలయం ఏదీ లేదు.

ఏడేళ్ల నిరీక్షణ

మోట్వానే అంతకుముందు సంజయ్ లీలా భన్సాలీ వద్ద సహాయకుడిగా పనిచేశారు. 2009లో వచ్చిన ‘దేవ్.డి’కి అనురాగ్ కశ్యప్‌తో కలిసి రచన చేశారు. ‘ఉడాన్’ స్క్రిప్టు 2003 ప్రాంతంలోనే మొదలైనా, దాన్ని తెరకెక్కించడానికి ఏడేళ్లు పట్టింది. హీరోయిన్ లేని, పదిహేడేళ్ల కొత్త కుర్రవాడే నాయకుడైన, తండ్రినే ప్రతినాయకుడిగా నిలబెట్టే కథకు డబ్బు పెట్టేవారు దొరకడం అప్పట్లో తేలిక కాదు. చివరకు అనురాగ్ కశ్యప్, సంజయ్ సింగ్, రోనీ స్క్రూవాలా నిర్మాతలుగా ముందుకొచ్చారు. రచనలో కశ్యప్ కూడా పాలుపంచుకున్నారు.

పాఠశాల దృశ్యాలను సిమ్లాలోని బిషప్ కాటన్ స్కూల్లో, మిగిలిన భాగాన్ని జంషెడ్‌పూర్‌లో చిత్రీకరించారు. అమిత్ త్రివేది సంగీతం, అమితాబ్ భట్టాచార్య పాటలు అందించారు. రోహన్ చదివే కవితలను సత్యాంశు సింగ్, దేవాంశు సింగ్ సోదరులు రాశారు. కవి అవ్వాలనుకునే కుర్రవాడి కథలో కవితలు పేలవంగా ఉంటే కథే కూలిపోతుంది. ఆ కవితలు వయసుకు తగిన అమాయకత్వంతో, నిజాయితీతో ఉండటం సినిమాకు కలిసొచ్చింది.

కేన్స్ నుంచి థియేటర్ల వరకు

కేన్స్ అధికారిక ఎంపికలో భారతీయ చిత్రానికి చోటు దక్కడం ఏడేళ్ల విరామం తర్వాత అదే మొదటిసారి. 2003లో మురళీ నాయర్ మలయాళ చిత్రం ‘అరింపార’ తర్వాత ఆ గౌరవం ‘ఉడాన్’కే లభించింది. తొలి చిత్రంతోనే ఒక దర్శకుడు అక్కడికి చేరడం పత్రికల్లో విస్తృతంగా చర్చకు వచ్చింది.

విడుదల రోజున మాత్రం పోటీ గట్టిగానే ఉంది. అదే శుక్రవారం ‘లమ్హా’, ‘తేరే బిన్ లాడెన్’ చిత్రాలు కూడా వచ్చాయి. విమర్శకులు ‘ఉడాన్’కు దాదాపు ఏకకంఠంతో స్వాగతం పలికినా, థియేటర్ల దగ్గర వసూళ్లు ఒక మోస్తరుగానే మిగిలాయి. ఈ సినిమా అసలు ప్రయాణం ఆ తర్వాత మొదలైంది. టీవీలో, డీవీడీల్లో, తర్వాత ఆన్‌లైన్ వేదికల్లో చూసినవారు మరొకరికి చెప్పడం ద్వారా ఇది నిలబడింది. ‘కెస్’ మాదిరిగానే దీనికీ ప్రచారం చేసిపెట్టింది ప్రేక్షకులే.

2011 జనవరిలో జరిగిన 56వ ఫిల్మ్‌ఫేర్ పురస్కారాల్లో ‘ఉడాన్’కు 7 అవార్డులు దక్కాయి. విమర్శకుల ఎంపికలో ఉత్తమ చిత్రం, ఉత్తమ కథ, ఉత్తమ స్క్రీన్‌ప్లే, ఉత్తమ సహాయ నటుడు, ఉత్తమ ఛాయాగ్రహణం, ఉత్తమ నేపథ్య సంగీతం, ఉత్తమ శబ్ద రూపకల్పన విభాగాల్లో అవి వచ్చాయి. ఆ వేదికపైనే ప్రజాదరణ విభాగంలో ఉత్తమ చిత్రంగా నిలిచింది సల్మాన్ ఖాన్ నటించిన ‘దబంగ్’. ఒకే ఏడాది హిందీ సినిమా ఎంచుకున్న రెండు దారులకు ఆ రెండు బహుమతులు గుర్తులు.

రాక్షసుడు కాని తండ్రి

ఉత్తమ సహాయ నటుడి పురస్కారం రోనిత్ రాయ్‌ను వరించింది. 1992లో సినిమాల్లోకి వచ్చి, తర్వాత టీవీ ధారావాహికల ద్వారా ఇంటింటికీ పరిచయమైన నటుడు ఆయన. భైరవ్ పాత్రలో ఆయన అరుపుల కంటే మౌనం ఎక్కువ భయపెడుతుంది.

ఈ పాత్రను రచయితలు పూర్తి రాక్షసుడిగా మలచలేదు. భైరవ్ కూడా ఒక కఠినమైన తండ్రి చేతిలో పెరిగినవాడేనని కథ సూచిస్తుంది. ఇంట్లో ఒంటరిగా తాగుతూ కూర్చునే మనిషి, వ్యాపారంలో దెబ్బతిన్న మనిషి, ప్రేమను చూపడం తెలియని మనిషి అక్కడక్కడా తొంగిచూస్తాడు. తరతరాలుగా కొడుకులకు అందుతూ వచ్చిన గడియారం ఆ వారసత్వానికి గుర్తు. రోహన్ దాన్ని వదిలి వెళ్లడంలో, తాతల నుంచి వచ్చిన కోపాన్ని తనతోనే ఆపేస్తానన్న నిశ్చయం ఉంది. తండ్రిని అర్థం చేసుకోవడం వేరు, అతడిని భరించడం వేరు అని సినిమా స్పష్టంగా చెబుతుంది.

తెలుగు ప్రేక్షకులకు ఇక్కడ 2006లో భాస్కర్ దర్శకత్వంలో వచ్చిన ‘బొమ్మరిల్లు’ గుర్తుకు రావడం సహజం. కొడుకు తొడిగే చొక్కా నుంచి చేసుకోబోయే పెళ్లి వరకు అన్నీ తానే నిర్ణయించే తండ్రి (ప్రకాశ్ రాజ్) కథ అది. ఆ తండ్రి అధికారం ప్రేమ రూపంలో వస్తుంది. చివరకు కొడుకు (సిద్ధార్థ్) మనసు విప్పితే తండ్రి వింటాడు, కుటుంబం నిలుస్తుంది. ‘ఉడాన్’లో వినే తండ్రి లేడు. కాబట్టి కొడుకు మాట ఉత్తరంగానే మిగులుతుంది. ఒకే ప్రశ్నకు నాలుగేళ్ల తేడాతో వచ్చిన ఈ రెండు జవాబుల్లో, మొదటిది మన సినిమాకు అలవాటైనది. రెండోది అరుదైనది.

జంషెడ్‌పూర్ తెలుగువారికి కొత్త ఊరు కాదు. శ్రీకాకుళం తదితర ఉత్తరాంధ్ర ప్రాంతాల నుంచి పని కోసం వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. విశాఖ ఉక్కునగరంలో పెరిగినవారికీ ఇలాంటి వాతావరణం పరిచితమే. కంపెనీ క్వార్టర్లు, షిఫ్టు సైరన్లు, తండ్రి వృత్తినే కొడుకు భవిష్యత్తుగా చూసే ఆశ. ఇంజినీరింగ్ సీటే జీవితానికి కొలమానంగా మారిన తెలుగు ఇళ్లలో రోహన్ కథకు అనువాదం అవసరం లేదు.

క్రమశిక్షణ పేరుతో హింస

సినిమా విడుదలకు మూడేళ్ల ముందు, 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ బాలలపై వేధింపుల గురించి ఒక అధ్యయనాన్ని వెలువరించింది. ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి దాన్ని రూపొందించారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకు గురవుతున్నారని అందులో తేలింది. కుటుంబంలో దెబ్బలు తిన్న పిల్లల్లో 88.6 శాతం మందిని కొట్టింది తల్లిదండ్రులే.

2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. పాఠశాలల్లో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని ఆ చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది. ‘ఉడాన్’ థియేటర్లకు వచ్చింది ఆ తర్వాత మూడున్నర నెలలకు. అంటే ఉపాధ్యాయుడి బెత్తానికి చట్టం అడ్డుకట్ట వేసిన ఏడాదిలోనే, తండ్రి బెల్టు గురించి ఒక సినిమా మాట్లాడింది. బాలలపై క్రూరత్వాన్ని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం నేరంగా పరిగణిస్తుంది. అయితే ఇంట్లో పిల్లలపై చేయి చేసుకోవడాన్ని పాఠశాలల్లో మాదిరిగా నేరుగా నిషేధించే ప్రత్యేక చట్టం దేశంలో రాలేదు.

ఈ విషయంలో బ్రిటన్ కూడా ఒక్క మాట మీద లేదు. స్కాట్లండ్ 2020 నవంబర్‌లో, వేల్స్ 2022 మార్చిలో తల్లిదండ్రులు పిల్లలను కొట్టడాన్ని పూర్తిగా నిషేధించాయి. ఇంగ్లండ్‌లో ‘సహేతుకమైన శిక్ష’ అనే వాదనకు చట్టంలో చాలాకాలంగా చోటుంది. సామాజిక వాస్తవికతకు పుట్టిల్లయిన దేశంలోనూ ఇంటి గడప దగ్గర చట్టం తడబడుతూనే వచ్చింది.

భారతదేశంలో ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ పనిచేస్తోంది. పిల్లలు స్వయంగా గానీ, వారి పరిస్థితి తెలిసిన పెద్దలు గానీ ఆ నంబరుకు ఫోన్ చేయవచ్చు. ‘ఉడాన్’లో అలాంటి ఫోన్ ఎవరూ చేయరు. చిన్నాన్నకు తెలుసు. అయినా ఆ ఇంటి తలుపు దాటి మాట బయటకు రాదు.

ముగింపు మీద రెండు ఆలోచనలు

‘ఉడాన్’ చివర అన్నదమ్ములిద్దరూ వెలుతురులోకి నడుస్తారు. ఇక్కడే ఈ చిత్రం బ్రిటిష్ సంప్రదాయం నుంచి పూర్తిగా పక్కకు మళ్లుతుంది. ‘కెస్’లో పక్షిని పాతిపెట్టిన మట్టి, ‘స్వీట్ సిక్స్‌టీన్’లో సముద్రం ఒడ్డున ఒంటరిగా మిగిలిన లియమ్ ప్రేక్షకుడికి ఓదార్పునివ్వరు. ఆ లెక్కన ‘ఉడాన్’ ముగింపు ఎక్కువ ఆశావహం, వాస్తవం నుంచి ఒక అడుగు దూరం అని వాదించవచ్చు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ఆరేళ్ల తమ్ముడితో ముంబయిలో ఎలా బతుకుతాడు? తమ్ముడి చదువు మాటేమిటి? చట్టం దృష్టిలో ఆ పిల్లవాడి సంరక్షకుడు ఎవరు? సినిమా వీటికి జవాబు చెప్పదు.

మరోవైపు నుంచి చూస్తే ఆ ముగింపే ఈ చిత్రంలోని అతి పెద్ద సాహసం. తండ్రి ఎంత కఠినుడైనా చివరకు కొడుకు తలవంచి కాళ్లకు నమస్కరించే కథలే భారతీయ సినిమాలో ఎక్కువ. తండ్రిని వదిలి వెళ్లడం తప్పు కాదని, కొన్నిసార్లు అదే బాధ్యత అని చెప్పే కథలు తక్కువ. రోహన్ తన స్వేచ్ఛ కోసం మాత్రమే వెళ్లి ఉంటే అది ఒక యువకుడి తిరుగుబాటు కథగా ఆగిపోయేది. అతడు మర్నాడు వెనక్కి వచ్చి తమ్ముడిని వెంట తీసుకెళ్లడంతో అది రక్షణ కథ అయింది. బయట ఏ వ్యవస్థా చేయని పనిని ఒక అన్న చేశాడు. బ్రిటిష్ చిత్రాలు వ్యవస్థను నిలదీసేందుకు ముగింపును చీకటిలో వదిలేశాయి. వ్యవస్థే అడుగుపెట్టని చోట జరిగే కథకు, తలుపు తెరిచి చూపడమే నిలదీయడం.

ఆ తర్వాత

మోట్వానే ఆ తర్వాత ‘లుటేరా’ (2013), ‘ట్రాప్డ్’ (2017), వెబ్ సిరీస్ ‘జూబ్లీ’ (2023) వంటివాటితో గుర్తింపు పొందారు. ‘సేక్రెడ్ గేమ్స్’ సిరీస్‌లో అనురాగ్ కశ్యప్‌తో కలిసి పనిచేశారు. రోనిత్ రాయ్‌కు ‘ఉడాన్’ సినిమాల్లో రెండో ఇన్నింగ్స్‌ను ఇచ్చింది. జంషెడ్‌పూర్‌కు కూడా మళ్లీ సినిమా కెమెరాలు వచ్చాయి. 2020లో విడుదలైన సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ చివరి చిత్రం ‘దిల్ బేచారా’కు కూడా ఆ ఊరే నేపథ్యం.

‘ఉడాన్’ ఏ చట్టాన్నీ మార్చలేదు, ఏ సభలోనూ ప్రశ్నగా మారలేదు. దాని ప్రభావాన్ని కొలవాలంటే చూడాల్సింది ఇళ్లనే. ఈ సినిమా చూశాక ఒక కొడుకు తన తండ్రి గురించి మొదటిసారి మాట్లాడగలిగితే, ఒక తండ్రి ఎత్తిన చేయి దించగలిగితే, జిమ్మీలాంటి ఒక బంధువు చూస్తూ ఊరుకోకుండా ముందుకొస్తే ఆ చిత్రం తన పని చేసినట్టే. బ్రిటన్‌లోని బొగ్గుగనుల ఊళ్లలో మొదలైన ఒక సినిమా ధోరణి ఇక్కడి ఉక్కు ఊరిలో ఆ గడప దాకా వచ్చింది.